వేసవి వేడిని చలికాలానికి దాచుకోవడం – 3వ పాఠం: ట్యాంకు ఎంత పెద్దది?

గత పాఠంలో గోడలు, కిటికీలు, పైకప్పు అన్నీ లెక్కేసి ఒక ఇంటికి చలికాలంలో ఎంత వేడి కావాలో తేల్చాం. ఉదాహరణకు తీసుకున్న ఇల్లు 100 చదరపు మీటర్లది, ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే పొర) బాగా ఉన్నది. దానికి చలికాలం మొత్తానికి 5,000 యూనిట్ల వేడి కావాలని తేలింది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిటే, అంటే కిలోవాట్ అవర్. ఈ 5,000 యూనిట్లనీ వేసవి ఎండ నుంచే పోగుచేసి దాచాలంటే ఎంత చోటు కావాలో ఇప్పుడు చూద్దాం.

దీనికి ముందుగా ఒక అంకె గుర్తు పెట్టుకోవాలి: 1.16. ఒక ఘనమీటరు, అంటే వెయ్యి లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 1.16 యూనిట్లు పడతాయి. నమ్మకం కుదరకపోతే మీ బాత్రూంలోనే సరిచూసుకోండి. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కాలి. 0.025 × 35 × 1.16 = 1.015. ఇంచుమించు ఒక యూనిట్. 2 కిలోవాట్ల గీజర్ అరగంటలో తీసుకునేది అంతే. చల్లటి నీళ్లతో స్విచ్చి వేసి గడియారం చూడండి, అరగంటకు కాస్త అటూ ఇటూగా లైటు ఆరిపోతుంది.

ఇప్పుడు ట్యాంకు సంగతి. వేసవి ముగిసేసరికి నీళ్లు 85 డిగ్రీలకు చేరాయనుకుందాం. ఎంత చల్లబడేదాకా వాడుకోవచ్చు? గదులు వెచ్చబడేందుకు గచ్చు కింద వేడినీళ్ల పైపులు పరిచిన ఇంట్లో అయితే 35 డిగ్రీల దాకా పనికొస్తాయి. పాత తరహా రేడియేటర్లుంటే, అంటే వేడినీళ్లు తిరుగుతూ గదిని వెచ్చబెట్టే లోహపు పలకలుంటే, 50 దగ్గరే చేతులెత్తేస్తాయి. మన ఇంట్లో గచ్చు కింద పైపులే ఉన్నాయి కాబట్టి తేడా 50 డిగ్రీలు. ఘనమీటరుకు 50 × 1.16 = 58 యూనిట్లు. 5,000ని 58తో భాగిస్తే 86 ఘనమీటర్లు.

86,000 లీటర్లు! హైదరాబాద్‌లో ఎండాకాలం అపార్టుమెంట్లకు వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు పదిహేడు. చలికాలంలోనూ అప్పుడప్పుడూ ఎండ కాస్తుంది గనుక నిజంగా కట్టేటప్పుడు ఇంత అక్కర్లేదు. కానీ ఇక్కడ పూర్తి లెక్కతోనే సాగుదాం, అసలు ఇబ్బంది అందులో బాగా కనిపిస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, దాచిన వేడి దాచినట్టు ఉండదు. 86 ఘనమీటర్ల ట్యాంకును ఎత్తు, వెడల్పు సమానంగా గుండ్రంగా కడితే అడ్డం 4.8 మీటర్లు వస్తుంది. పైన, కింద, చుట్టూ కలిపి 108 చదరపు మీటర్ల ఉపరితలం. దాన్నంతా 30 సెంటీమీటర్ల మందం ఇన్సులేషన్‌తో చుట్టామనుకోండి. మామూలు ఫోమ్ అయితే చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 0.13 వాట్ కారిపోతుంది. లోపల సగటున 60 డిగ్రీలు, బయట 10 డిగ్రీలు, తేడా 50. గుణించి చూడండి: 0.13 × 108 × 50 = 702 వాట్లు. మన గీజర్‌లో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, ఏముందిలే అనిపిస్తుంది. అది పగలూ రాత్రీ ఆగకుండా ఆరు నెలలు, అంటే 4,320 గంటలు కారుతుంది. 3,000 యూనిట్లు పైమాటే. దాచింది 5,000, పోయింది 3,000!

ఇదే లెక్కను 52 ఇళ్లకు కలిపి ఒకే ట్యాంకుగా వేద్దాం. ఘనపరిమాణం 52 రెట్లు పెరిగి 4,472 ఘనమీటర్లు అవుతుంది. అడ్డం మాత్రం 17.9 మీటర్లే. ఉపరితలం 1,503 చదరపు మీటర్లు, అంటే 14 రెట్లే పెరిగింది. అదే ఇన్సులేషన్‌తో ఆరు నెలల నష్టం 42,000 యూనిట్ల చిల్లర. దాచిన 2,60,000లో అది 16 శాతం. పైసా ఎక్కువ ఇన్సులేషన్ వెయ్యకుండానే 60 శాతం నష్టం 16కు దిగింది. అందుకే ఒంటి ఇంటికి పెరట్లో ట్యాంకు పెట్టుకుంటానంటే నేను వద్దనే చెబుతాను. ఇది వీధంతా కలిసి చేసుకునే పని.

52 అనే అంకె ఊరికే తీసుకోలేదు. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, కాల్గరీకి దక్షిణాన ఒకటోక్స్ అనే ఊరుంది. అక్కడ డ్రేక్ ల్యాండింగ్ అనే కాలనీలో 52 ఇళ్లు. కాల్గరీలో ఉండే మనవాళ్లకు అక్కడి చలి గురించి వేరే చెప్పక్కర్లేదు. గ్యారేజీల పైకప్పుల మీద 800 సోలార్ పలకలు బిగించి, 2007 నుంచి వేసవి వేడిని భూమిలోకి పంపడం మొదలుపెట్టారు. అవును, నేరుగా మట్టిలోకే. 35 మీటర్ల అడ్డం ఉన్న వృత్తంలో, 37 మీటర్ల లోతున 144 బోర్లు వేశారు. నీళ్లు తోడే బోర్లు కావివి. ఒక్కోదాంట్లో కిందికి దిగి మళ్లీ పైకి వచ్చే ప్లాస్టిక్ పైపు ఉంటుంది, అందులో వేడినీళ్లు తిరుగుతూ చుట్టూ ఉన్న మట్టిని కాగబెడతాయి. వేసవిలో నీళ్లు ముందు మధ్య బోర్లలోకి వెళ్లి అంచులకు వస్తాయి. చలికాలంలో అంచుల నుంచి మధ్యకు వెళ్తాయి. అలా అన్నిటికన్నా వేడైన భాగం ఎప్పుడూ నడిమధ్యలోనే ఉంటుంది, బయటి చల్లటి నేలకు దూరంగా.

మట్టి ఘనమీటరుకు డిగ్రీకి 0.6 యూనిట్ దాచగలదు, నీటిలో సగం. పైగా పైన తప్ప పక్కలా కిందా ఇన్సులేషన్ వెయ్యడం కుదరదు. అయినా మట్టినే ఎందుకు ఎంచుకుంటారంటే, అంత పెద్ద ట్యాంకు కట్టే ఖర్చుతో పోలిస్తే బోర్లు చవక. ఓపిక మాత్రం కావాలి. చుట్టుపక్కల నేల కూడా వెచ్చబడితే గానీ మధ్యలో వేడి నిలవదు. డ్రేక్ ల్యాండింగ్‌లో ఇళ్లు వెచ్చబెట్టే వేడిలో ఎండ వాటా మొదటి ఏడాది 55 శాతమే, ఐదో ఏడాదికి 97 శాతం అయింది. 2015-16 చలికాలమైతే నూటికి నూరు శాతం ఎండతోనే గడిచింది. యంత్రాలు పాతబడి, విడిభాగాలు దొరకడం కష్టమై 2024లో దాన్ని మూసే పని మొదలైంది. ఇలాంటిది తలపెట్టేవాళ్లు లెక్కలో మరమ్మతుల ఖర్చు కూడా మొదటి రోజు నుంచే వేసుకోవాలి.

ఒంటి ట్యాంకు మీద నేనన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. స్విట్జర్లాండ్‌లోని ఓబర్‌బుర్గ్‌లో 2007లో ఎనిమిది ఫ్లాట్ల భవనం కట్టారు. 2,05,000 లీటర్ల ట్యాంకు భవనం మధ్యలోనే, అంతస్తులన్నిటినీ దాటుకుంటూ నిలబడి ఉంటుంది. చలికాలంలో దాన్నుంచి కారే వేడి గదుల్లోకే వస్తుంది కాబట్టి అది నష్టం కింద రాదు. వేసవిలో కారేది మాత్రం తలనొప్పే, అందుకే ఇన్సులేషన్‌లో పిసినారితనం పనికిరాదు.

వచ్చే పాఠంలో ఈ ట్యాంకు నింపడానికి ఎన్ని సోలార్ పలకలు కావాలో చూద్దాం. ఈలోగా కాగితం, పెన్ను తీసుకుని ఈ మూడూ చేయండి. ఒకటి, మన ఇంట్లో రేడియేటర్లు ఉండి 50 డిగ్రీల దగ్గరే ఆగిపోతే ట్యాంకు ఎంత పెద్దది కావాలి? రెండు, ఒంటి ట్యాంకుకు ఇన్సులేషన్ 60 సెంటీమీటర్లు చేస్తే ఆరు నెలల నష్టం ఎంత? మూడు, 35,000 ఘనమీటర్ల మట్టి 30 డిగ్రీలు చల్లబడితే ఎన్ని యూనిట్లు వస్తాయి? జవాబులు వరసగా 123 ఘనమీటర్లు, 1,500 యూనిట్లు, 6,30,000 యూనిట్లకు దగ్గరగా రావాలి. రెండోదానికి 6,000 వస్తే, మందం పెరిగితే కారేది తగ్గుతుందన్న సంగతి మరిచి రెండుతో గుణించారన్నమాట.