మొదటిసారి ఇంట్లో బీరు తయారుచేసేవారికి: హైడ్రోమీటర్ రీడింగును సరిగ్గా తీసే పద్ధతి

హైడ్రోమీటర్ అంటే ద్రవంలో తేలుతూ దాని సాంద్రతను చూపే గాజు పరికరం. అది తప్పుడు అంకె చూపించిందని అనుకునే సందర్భాల్లో చాలాసార్లు తప్పు పరికరంలో ఉండదు, దానిని తేల్చిన నమూనాలో ఉంటుంది. సరిగ్గా కలవని వర్ట్‌లోనో (బీరుగా పులియబోయే తియ్యని ద్రావణం), ఇంకా చల్లారని వర్ట్‌లోనో, బుడగలు నిండిన బీరులోనో తేలిస్తే ఎంత మంచి హైడ్రోమీటరైనా నమ్మదగని అంకెనే చూపిస్తుంది. అందువల్ల ఇక్కడ గీతను చదవడం కంటే, చదవడానికి ముందు నమూనాను సిద్ధం చేయడం గురించే ఎక్కువగా రాస్తున్నాను.

మాల్టు, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ వంటి ధాన్యం నుండి తీసిన తియ్యని ద్రావణమే వర్ట్. అందులో చక్కెరలు ఎంత ఎక్కువగా కరిగి ఉంటే ద్రవం సాంద్రత అంత పెరుగుతుంది, హైడ్రోమీటర్ అంత పైకి తేలుతుంది. నీటిని 1.000గా తీసుకుని దానితో పోల్చి చెప్పే ఈ అంకెను సాపేక్ష సాంద్రత అనీ, వాడుకలో గ్రావిటీ అనీ అంటారు. సాధారణమైన బీరుకు ఈస్ట్ వేయకముందు ఇది 1.040 నుండి 1.060 వరకు, పులియడం పూర్తయ్యాక సుమారు 1.008 నుండి 1.015 వరకు ఉంటుంది. చివరి అంకెలోని ఒక్కో మార్పును ఒక పాయింటు అంటారు కనుక 1.050 అంటే 50 పాయింట్లు. స్కేలు మీద అంకెలు పైనుండి కిందికి పెరుగుతూ పోతాయి, చాలా పరికరాలలో ఒక్కో చిన్న గీత విలువ 2 పాయింట్లు. ఈ రెండు విషయాలను ముందే గమనించకపోతే 1.048ని 1.052గా చదవడం చాలా సులభం. అదే కాగితం మీద బ్రిక్స్ స్కేలూ, రాగల ఆల్కహాల్ శాతాన్ని సూచించే స్కేలూ ఉంటే, మొదట్లో వాటి జోలికి పోకుండా గ్రావిటీ స్కేలును మాత్రమే చూడండి.

కొత్త హైడ్రోమీటర్‌ను వర్ట్‌లో ముంచే ముందు నీటిలో పరీక్షించాలి. దాని కాగితం మీదనో, వెంట వచ్చిన పత్రంలోనో ఏ ఉష్ణోగ్రతకు గీతలు గీశారో రాసి ఉంటుంది. కొన్నింటికి అది 15.6 డిగ్రీల సెల్సియస్, మరికొన్నింటికి 20 డిగ్రీలు. అదే ఉష్ణోగ్రత ఉన్న స్వేదన జలంలో తేల్చినప్పుడు 1.000 చూపించాలి. 1.002 చూపిస్తే పరికరాన్ని పారేయనక్కరలేదు, ఇకపై తీసే ప్రతి రీడింగు నుండి 2 పాయింట్లు తీసివేస్తే చాలు. స్కేలులో పెద్ద అంకెలున్న భాగం కూడా సరిగ్గా ఉందో లేదో చూడాలనుకుంటే 100 గ్రాముల చక్కెరను 900 గ్రాముల నీటిలో పూర్తిగా కరిగించి తేల్చండి, సుమారు 1.040 రావాలి. రెండింటినీ తూకం వేసే తీసుకోవాలి, చక్కెరను కప్పుతో కొలిస్తే ఈ పరీక్షకు అర్థం ఉండదు. గాజు గొట్టంలోని కాగితం జారిపోయిన పరికరాలు అరుదేమీ కాదు కాబట్టి ఈ పది నిమిషాల పని వృథా కాదు.

ఈస్ట్ వేయకముందు తీసే మొదటి రీడింగే కొత్తవారిని ఎక్కువగా కలవరపెడుతుంది. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను (వర్ట్‌ను చిక్కబరచి అమ్మే పాకం లేదా పొడి) కొద్ది నీటిలో మరిగించి, ఆపై పాత్రలో చన్నీళ్లు పోసి పరిమాణాన్ని పూర్తిచేసే పద్ధతిలో, చిక్కటి వర్ట్ అడుగున ఉండిపోయి నీళ్లు పైన నిలుస్తాయి. పైనుండి నమూనా తీస్తే 1.045 రావలసిన చోట 1.035 రావచ్చు, అడుగున ఉన్న కుళాయి నుండి పడితే 1.060 దాటవచ్చు. ఈ రెండు అంకెలూ మీ బీరువి కావు. శుభ్రం చేసి శానిటైజ్ చేసిన గరిటెతో కనీసం రెండు మూడు నిమిషాలు అడుగు నుండి పైకి బలంగా కలిపిన తరువాతే నమూనా తీయాలి. ఈస్ట్‌కు ఈ దశలో ఆక్సిజన్ అవసరం కనుక అలా కలపడం వల్ల నష్టమేమీ లేదు. ఎక్స్‌ట్రాక్ట్ బరువు, మొత్తం నీటి పరిమాణం సరిగ్గా ఉన్నాయని తెలిసి కూడా రీడింగు పది పాయింట్లు తేడాగా వస్తే, కంగారుపడి మరింత చక్కెర వేయకండి. సరిగ్గా కలవకపోవడమే దానికి కారణమై ఉంటుంది.

తరువాతిది వేడి. ద్రవం వేడెక్కితే పలచబడుతుంది, హైడ్రోమీటర్ మరికాస్త మునుగుతుంది, అంకె తక్కువగా కనిపిస్తుంది. 15.6 డిగ్రీలకు గీసిన పరికరాన్ని 20 డిగ్రీల నమూనాలో వాడితే సుమారు 1 పాయింటు, 25 డిగ్రీలైతే 2, 30 డిగ్రీలైతే 3 పాయింట్లకు కొంచెం ఎక్కువ, 40 డిగ్రీలైతే దాదాపు 7 పాయింట్లు కలపాలి. 20 డిగ్రీలకు గీసిన పరికరానికి 25 దగ్గర 1 పాయింటు, 30 దగ్గర 2 నుండి 3 పాయింట్లు సరిపోతాయి. ఇంతకుమించి వేడిగా ఉన్న వర్ట్‌లో కొలిచి లెక్కతో సరిదిద్దుకోవచ్చనుకోవడం మంచిది కాదు, ఎందుకంటే ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ సవరణ పెద్దదై, అందులోని చిన్న పొరపాటు కూడా రీడింగు మీద పడుతుంది, పైగా మరుగుతున్న వర్ట్‌లో దించిన గాజు పగిలే అవకాశమూ ఉంది. నమూనాను చల్లారనివ్వండి, కానీ మూత పెట్టి చల్లారనివ్వండి. మూత లేకుండా ఆవిరి పోతే నమూనా చిక్కబడి అంకె పెరుగుతుంది. థర్మామీటర్‌ను నమూనాలోనే పెట్టి చూడాలి, గది ఉష్ణోగ్రతతో సరిపెట్టుకోకూడదు.

ఇక కొలత. సన్నని, పొడవైన కొలజాడీని చదునైన బల్ల మీద నిలబెట్టి, హైడ్రోమీటర్ అడుగుకు తగలకుండా తేలేంత నమూనా పోయాలి. జాడీ పరిమాణాన్ని బట్టి దీనికి 100 నుండి 200 మిల్లీలీటర్లు పడుతుంది. హైడ్రోమీటర్‌ను పైకొనతో పట్టుకుని మెల్లగా దించి, వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పి వదిలేయాలి. అలా తిప్పడం వల్ల గాజుకు అంటుకున్న బుడగలు విడిపోతాయి. పరికరం కదలిక ఆగి, జాడీ గోడను తాకకుండా మధ్యలో నిలిచాక, కంటిని ద్రవ తలానికి సమానంగా తెచ్చి చదవాలి. గాజును ఆనుకున్న చోట ద్రవం కాస్త పైకి పాకి కనిపిస్తుంది, ఆ అంచును కాకుండా దాని చుట్టూ సమంగా ఉన్న తలం ఏ గీతతో కలుస్తోందో దానినే తీసుకోవాలి. పై అంచు దగ్గర చదవమని పరికరంతో వచ్చిన పత్రంలో ప్రత్యేకంగా రాసి ఉంటే మాత్రం అలాగే చేయండి.

పులుస్తున్న బీరులో బుడగల బెడద ఎక్కువ. కార్బన్ డయాక్సైడ్ బుడగలు గాజును పట్టుకుని పైకి లేపుతాయి, అంకె ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. నమూనాను రెండు గ్లాసుల మధ్య పదిహేను ఇరవై సార్లు మార్చి పోసి, నురగ తగ్గేవరకు కొంతసేపు ఉంచిన తరువాతే కొలవాలి. ఈ పని నమూనాకు మాత్రమే చేయాలి, పాత్రలోని బీరుకు ఈ దశలో గాలి తగలడం హానికరం. కొలిచిన నమూనాను తిరిగి పాత్రలో పోయకూడదు, రుచి చూసి పారేయండి. ప్రతిరోజూ మూత తీసి కొలవాలనే ఉబలాటాన్ని అణచుకోవడం కూడా ఈ పనిలో భాగమే. ఈస్ట్ వేయకముందు ఒకసారి, బుడగలు బాగా మందగించాక ఒకసారి, ఆ తరువాత రెండు మూడు రోజులకు మరొకసారి కొలిస్తే మామూలుగా సరిపోతుంది.

ఆ చివరి రెండు రీడింగులూ ఒకటే అయితేనే బీరును సీసాల్లో నింపాలి. ఎయిర్‌లాక్‌లో (పాత్ర మూతకు అమర్చే, వాయువును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం) బుడగలు ఆగిపోవడాన్ని మాత్రం రుజువుగా తీసుకోకండి, మూత సరిగ్గా బిగియకపోయినా బుడగలు ఆగుతాయి. మిగిలిపోయిన ఒక్కో పాయింటు చక్కెర సీసాలో పులిస్తే, బీరు పరిమాణంలో సుమారు సగం పరిమాణం మేర కార్బన్ డయాక్సైడ్ అదనంగా పుడుతుంది. మామూలు బీరులో మొత్తం వాయువు బీరు పరిమాణానికి సుమారు రెండున్నర రెట్లు ఉంటుంది కనుక, 4 పాయింట్లు మిగిలి ఉండగానే నురగ కోసం చక్కెర కూడా కలిపి మూత బిగిస్తే సీసాలు పేలే ప్రమాదం ఉంది. రెండుసార్లు కొలిచినా 1.020 దగ్గరే ఆగిపోతే బీరు పూర్తయిందని అనుకోవద్దు. పాత్రను కొద్దిగా వెచ్చని చోట ఉంచి, మెల్లగా ఊపి, మరో కొన్ని రోజులు ఆగి మళ్లీ కొలవండి.

ఆల్కహాల్ శాతానికి మొదటి రీడింగు నుండి చివరి రీడింగును తీసివేసి, వచ్చినదానిని 131.25తో గుణిస్తే చాలు. 1.050 నుండి 1.012కు దిగిన బీరులో ఇది సుమారు 5 శాతం. 15.6 డిగ్రీలకు గీసిన పరికరంతో మొదటి రీడింగును 25 డిగ్రీల దగ్గర తీసి సవరించడం మరచిపోయి 1.048 అని రాసుకుంటే అదే బీరు 4.7 శాతంగా తేలుతుంది. అందుకే పుస్తకంలో సరిచేసిన అంకెను ఒక్కదానినే రాయకుండా, కంటికి కనిపించిన అంకెను, నమూనా ఉష్ణోగ్రతను, తేదీని కూడా పక్కపక్కనే రాసుకోండి. సవరణలో పొరపాటు జరిగిందని నెల తరువాత తెలిసినా, ఈ మూడూ ఉంటే లెక్కను మళ్లీ చేయవచ్చు.

పని అయ్యాక హైడ్రోమీటర్‌ను గోరువెచ్చని నీటితో కడిగి, తుడిచి, దాని గొట్టంలో పెట్టేయండి. గుండ్రని గాజు బల్ల మీద నిలవదు. నా మొదటి హైడ్రోమీటర్ ఒక్క బీరును కూడా పూర్తిగా చూడకుండానే అలా దొర్లి నేలపాలైంది.