షట్టర్లు మూతపడే వీధిలో నెల సామాను తెచ్చుకోవడం ఎట్లా

హైదరాబాద్ కొత్తగూడలో మేము కిరాణం నడిపింది 2003 నుంచి 2019 దాకా. పది అడుగుల వెడల్పు, పదహారు అడుగుల లోతు, ఒక్కటే షట్టరు. మొదలుపెట్టినప్పుడు కిరాయి మూడున్నర వేలు. చివరికి పద్దెనిమిది వేలు కడుతున్నాం. ఓనరు నలభై అయిదు వేలు అడిగాడు. మా ఆయన రెండు రోజులు లెక్కలు వేసి, మూడో రోజు సామానంతా హోల్‌సేల్ ఆయనకు తిరిగి పంపించేశాడు. ఆ తర్వాత అక్కడ జ్యూస్ సెంటర్ వచ్చింది, పోయింది. మొబైల్ కవర్ల దుకాణం వచ్చింది, పోయింది. ఇప్పుడు ఆ షట్టరూ, పక్కనున్న రెండూ ఖాళీ. టు-లెట్ బోర్డు మీద ఫోన్ నంబరు ఎండకు సగం వెలిసిపోయింది.

పదహారేళ్లు గల్లా ముందు కూర్చున్నదాన్ని, ఇప్పుడు అదే వీధిలో సంచి పట్టుకుని సామాను కొంటున్నాను. మా వైపు కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్లు "కిరాణం ఎక్కడుందమ్మా, ఎటు చూసినా కాఫీ షాపులే ఉన్నాయి" అని అడుగుతుంటారు. వాళ్లకు నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. మాదాపూర్, కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల, ఎక్కడున్నవాళ్లకైనా చాలావరకు పనికొస్తుంది.

ముందు వీధంతా ఒకసారి నడవండి. పొద్దున ఏడింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నరకు ఒకసారి. ఫోన్‌లో మ్యాప్ చూస్తే సరిపోదు, మూసేసిన దుకాణాలు అందులో తెరిచినట్టే ఉంటాయి. ఒక కాగితం మీద పాల బూత్, కిరాణం, గిర్ని (పిండి మర), కూరగాయల బండి, గుడ్ల దుకాణం, మెడికల్ షాపు ఎక్కడెక్కడున్నాయో రాసుకోండి. ఖాళీ షట్టర్లు కూడా రాసుకోండి. ఏ దుకాణం వచ్చే ఏడాదికి ఉంటుందో, ఏది ఉండదో ఆ ఖాళీ షట్టర్లే చెబుతాయి.

బోర్డు మీద "బ్యాంకులకు, బ్రాండ్లకు మాత్రమే" అని ఉందంటే ఓనరుకు తొందర లేదు. రెండు మూడు షట్టర్ల మధ్య గోడలు తీసేసి ఒకే పెద్ద షోరూముకు ఇద్దామని చూస్తున్నాడు. చిన్న దుకాణానికి తక్కువకు ఇస్తే, రేపు వచ్చే పెద్దవాళ్లు కూడా అదే రేటు పట్టుకుంటారని ఆయన భయం. అందుకే ఏడాది ఖాళీగా పడి ఉన్నా కిరాయి దించడు. కరెంటు మీటరు పీకేసి ఉంటే ఆ బిల్డింగు కూల్చి కొత్తగా కట్టడానికి డెవలప్‌మెంట్‌కు పోయిందేమో అడగండి. అదే నిజమైతే పక్క షట్టర్లో నడుస్తున్న కిరాణం కూడా ఎక్కువ రోజులు ఉండదు. గోడ మీద ఎర్ర రంగుతో గీత, అంకె కనబడితే రోడ్డు వెడల్పు చేసే సంగతి కావచ్చు. ఇక షట్టరు సగం దించి, లోపల ట్యూబ్‌లైట్లు వెలుగుతూ, బయట పది పన్నెండు బైకులు నిలబడి ఉంటే అది ఖాళీ కాదు, డెలివరీ యాప్‌ల గోడౌను. మన వీధిలోనే ఉంటుంది, కానీ లోపలికి పోయి ఒక ఉప్పు ప్యాకెట్ కొనలేం.

మీరు కొనే కిరాణం ఇట్లాంటి బిల్డింగులో ఉంటే దుకాణాయననే అడగండి, దాచడు. నెల సామాను చీటీ ఆయనకే ఇస్తూ, ఇంకో దుకాణంలో కూడా అప్పుడప్పుడు కొంటూ ముఖపరిచయం పెంచుకోండి. మా దుకాణం మూసిన వారం ముగ్గురు నలుగురు ముసలివాళ్లు ఎటు పోవాలో తెలియక, మందుల చీటీ పట్టుకుని మా షట్టరు ముందు నిలబడ్డారు. వాళ్ల మందులు కూడా మేమే తెప్పించి ఇచ్చేవాళ్లం.

బియ్యం

బియ్యం నెలనెలా కొనొద్దు. వానాకాలం వడ్లు నవంబరు, డిసెంబరులో కోతకొస్తాయి. సంక్రాంతి దాటాక మిల్లుల నుంచి కొత్త బియ్యం దిగుతుంది. జాగా ఉన్నవాళ్లు అప్పుడు మూడు నాలుగు బస్తాలు తీసుకుని, వేపాకు, ఎండుమిరపకాయలు వేసి పెట్టుకుంటే వానలు పడేసరికి అవే పాత బియ్యం అవుతాయి. జాగా లేనివాళ్లు దుకాణంలోనే పాతవి ఏరుకోవాలి. సంచి మీద "పాతవి" అని రాసి ఉంటే నమ్మేయొద్దు. పది గింజలు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూడండి. పాత గింజకు కాస్త పసుపు చాయ ఉంటుంది, పొడిగా, ఒకదానికొకటి అంటకుండా దొర్లుతుంది. ఒక గింజ ముందు పళ్ల మధ్య పెట్టి కొరకండి. టక్కున రెండు ముక్కలైతే పాతది. మెత్తగా నలిగి పంటికి పిండి అంటుకుంటే కొత్తది, అన్నం ముద్దవుతుంది. మా దుకాణంలో ఈ పని చేయకుండా బస్తా ఎత్తుకుపోయిన వాళ్లే మర్నాడు గొడవకు వచ్చేవాళ్లు.

సోనా మసూరి అని రాసిన బస్తాలన్నీ ఒకే బియ్యం కాదు. రకం పేరు అడగండి. బీపీటీ 5204 బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి. ఆర్ఎన్ఆర్ 15048 మన రాజేంద్రనగర్‌లో తయారైన తెలంగాణ సోనా, గింజ చిన్నగా సన్నగా ఉంటుంది. ఏది మీ ఇంట్లో నచ్చిందో గుర్తుపెట్టుకుంటే వచ్చేసారి సులువు. బస్తా మీద 26 కిలోలు అని ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు. అప్పటి నుంచి మిల్లులవాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. రెండు దుకాణాల రేట్లు పోల్చేటప్పుడు బస్తాకు బస్తా కాకుండా కిలో లెక్కన చూడండి.

పప్పు విడిగా కొనండి, చేత్తో ముట్టుకుని కొనండి. రెండు అరచేతుల మధ్య రుద్దితే జిడ్డు తగిలితే నూనె పాలిష్ పట్టిందే. ఏటవాలుగా, బల్లపరుపుగా, గొడ్డలి ముక్కలాంటి పలుకులు కలిసి ఉంటే అది కందిపప్పులో కల్తీ చేసే కేసరి పప్పు, వదిలేయండి. తాండూరు కందిపప్పు దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా తీసుకోండి. తొందరగా ఉడుకుతుంది, రుచి వేరు. నూనె ప్యాకెట్లు పైకి ఒకే సైజులో కనబడతాయి. లోపల లీటరుకు 910 గ్రాములు ఉందా, తగ్గించారా అన్నది వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కాంటా మీద అనుమానం వస్తే మాటా మాటా పెంచుకోనక్కర్లేదు. దుకాణంలో ఉన్న కిలో ఉప్పు ప్యాకెట్ తీసి కాంటా మీద పెట్టమనండి. కిలోకు కొన్ని గ్రాములు ఎక్కువ చూపాలి, అది కవరు బరువు. బాగా తక్కువ చూపినా, మరీ ఎక్కువ చూపినా ఆ కాంటా సరిగ్గా లేకపోవచ్చు. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి, ఆ సర్టిఫికెట్ దుకాణంలో ఉండాలి. మోసం అనిపిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పొచ్చు.

కారం పట్టించడానికి

కిరాయిలు పెరిగిన వీధిలో ముందు పోయేది గిర్ని. మా వీధి గిర్ని 2021లో ఆగిపోయింది. పై అంతస్తులోకి ఆఫీసు వచ్చింది, కారం పట్టిన రోజు దగ్గు వస్తోందని గొడవ. మంగళవారం, శుక్రవారం మాత్రమే కారం పడతానని గిర్ని ఆయన బతిమాలాడు. వాళ్లు ఒప్పుకోలేదు. పాతికేళ్ల రాళ్లను ట్రాలీ ఆటోలో ఎక్కిస్తుంటే చూశాను. చివర్లో ఆయన పసుపు అంటిన చేతులు మా ఇంటి పంపు కింద కడుక్కుని పోయాడు.

ఇప్పుడు మేము మసీద్‌బండ వైపు పోతున్నాం. ఏడాదికి ఒక్కసారి పని కాబట్టి దూరమైనా మానొద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త మిర్చి వస్తుంది, చింతపండు కూడా అప్పుడే. కారానికి తేజ, రంగుకు వరంగల్ వైపు పండే చపాటా. మా ఇంట్లో రెండు పాళ్లు తేజ, ఒక పాలు చపాటా కలుపుతాం. తొడిమలు తీసి, మిద్దె మీద రెండు రోజులు గలగలమనేదాకా ఎండబెట్టి, ఇంట్లోనే తూచి తీసుకెళ్లండి. ముందు ఎవరిది పట్టారో గిర్నీలో అడగండి. కారం తర్వాత కారమైతే ఇబ్బంది లేదు. జొన్నపిండి తర్వాతైతే మొదటి గుప్పెడు పక్కన పెట్టించండి. మిషన్ ఆపాక లోపల మిగిలింది కూడా దులిపి ఇమ్మనండి, అది మీదే.

మసాలా దినుసులు, ఎండు కొబ్బరి, జీడిపప్పు మూడు నెలలకోసారి బేగంబజార్ నుంచి తెస్తాను. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగి ఆటో. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి పోతే పెద్ద ప్యాకెట్ కొని పంచుకోవచ్చు.

కూరగాయలకు వారానికోసారి కూకట్‌పల్లి రైతుబజారు. ఈ రైతుబజార్లు 1999లో మొదలయ్యాయి. ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. ముందు బోర్డు చదివి, తర్వాత లోపలికి పోండి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మా ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే చాలు. ఆదివారం తోపులాట, బుధవారం పొద్దున ఏడింటికి పోతే ఏరుకునే వీలుంటుంది. యాప్‌లో బెండకాయలు తెప్పించినవాళ్లు కొన విరిచి చూడలేరు కదా. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే యాప్ వాడండి, నేనూ వాడతాను. నెల సామానుకు మాత్రం వద్దు.

మిగిలిన ఒక్క దుకాణం నిలబడాలంటే

మా వీధిలో ఇప్పుడు మిగిలింది సేఠు దుకాణం ఒక్కటే. ఆయన రాజస్థాన్ నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. ఒకప్పుడు మాకు పోటీ. మొన్న చీటీ ఇస్తుంటే, "అక్కా, మీ అసొంటోళ్లు ఇంకో ఇరవై మందుంటే నేను కిరాయికి భయపడ" అన్నాడు. ఆ మాట వెనక లెక్క నాకు తెలుసు. బిస్కెట్లు, సబ్బుల మీద మాకు వందకు ఎనిమిది, పది రూపాయలు మిగిలేవి. పాల ప్యాకెట్ మీద మిగిలింది ఫ్రిజ్ కరెంటుకే పోయేది. విడి పప్పు, రవ్వ, చింతపండు, జీలకర్ర, మెంతుల మీదే పదిహేను, ఇరవై వచ్చేది, కిరాయి కట్టింది దానితోనే. చివరి రెండేళ్లు మా బిల్లు పుస్తకం నిండా పాలు, కొత్తిమీర, నాలుగు గుడ్లు. బియ్యం, పప్పు, నూనె అందరూ పెద్ద స్టోర్లలో కొని, మరిచిపోయినవాటికే మా దగ్గరికి వచ్చేవాళ్లు.

కాబట్టి ఇట్లా చేయండి. ఒకటో తారీకు నుంచి అయిదో తారీకు లోపల చీటీ రాసి ఇవ్వండి, సాయంత్రం కట్టి పెడతాడు. డబ్బు ఆ రోజే ఇచ్చేయండి. ఉద్దెర పెడితే ఆయన హోల్‌సేల్‌లో వడ్డీకి తేవాల్సి వస్తుంది. విడి సామాను ఆయన దగ్గరే కొనండి. బిస్కెట్ ప్యాకెట్ మీద రెండు రూపాయలు తగ్గించమని అడగొద్దు, అందులో లేదు. అయిదు కిలోల పప్పు తీసుకుంటే తగ్గించమని అడగండి, అందులో ఉంది. మీకు కావాల్సింది లేకపోతే ఊరుకోకుండా చెప్పండి. "కొర్రలు తెప్పించు, మా బ్లాకులో నాలుగిళ్ల వాళ్లం తీసుకుంటాం" అంటే ఎవరైనా తెప్పిస్తారు.

దుకాణం పెట్టుకునేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మా పొరపాటు మీరు చేయొద్దు. మా అగ్రిమెంటు ఎప్పుడూ 11 నెలలదే. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చెందుకని మేమూ ఊరుకున్నాం. అందుకే ప్రతి 11 నెలలకు ఓనరు ఎంత అడిగితే అంత. మూడేళ్లకు, ఏడాదికి ఇంత పెంపు అని రాయించి, రిజిస్టరు చేయించుకోండి. అపార్ట్‌మెంటు కింద షట్టర్లు అసోసియేషన్ చేతిలో ఉంటే, ఒక్కటైనా కిరాణానికో గిర్నీకో ఇవ్వాలని మీటింగులో అడగండి. మా బ్లాకులో నేను రెండుసార్లు అడిగాను, మళ్లీ అడుగుతాను.

ఆకుకూరలకు మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు. గురువారం పొద్దున శంకర్‌పల్లి వైపు నుంచి ఒక పెద్దమ్మ వస్తుంది. మా పాత దుకాణం మెట్ల మీదే కూర్చుంటుంది. పుంటికూర, చుక్కకూర, వానలు పడితే గంగవాయిలి. కట్టలన్నీ తడి గోనెసంచి మీద, వేళ్లు షట్టరు వైపు, ఆకులు మన వైపు పెట్టి పేరుస్తుంది. మా ఆయన బియ్యం బస్తాలు ఆనించిన చోట రంగు పోయిన గీత ఇప్పటికీ ఉంది, సరిగ్గా అక్కడే నీళ్ల డబ్బా పెట్టుకుంటుంది. ఆరున్నరకు వస్తే ఏడున్నరకల్లా పుంటికూర అయిపోతుంది. ఫోన్ పే లేదు, చిల్లర తీసుకెళ్లండి.