ఫ్యాన్ రేడియేటర్‌ను కోస్తే, ముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి

బ్రేకు గట్టిగా తొక్కాను. బానెట్ కింద రేకును రంపంతో కోసినట్టు చప్పుడైంది. కారు ఆపి దిగేసరికి ముందు చక్రాల మధ్య ఆకుపచ్చ నీళ్లు మడుగు కట్టాయి. మా కారు 1959లో తయారైంది, నాలుగు సిలిండర్లది. రేడియేటర్ దానితో పుట్టినదే, రాగి ఇత్తడిది. అందుకే ప్రాణం విలవిల్లాడింది. రేడియేటర్ విప్పించి, తెగిన ట్యూబులకు టంకం పెట్టించి, మళ్లీ బిగించాను. ఆరు వారాలు తిరక్కుండానే అదే చప్పుడు, అదే మడుగు.

రెండోసారి అర్థమైంది. రేడియేటర్ తప్పేమీ లేదు. ఫ్యాన్ దాని మీదికి ఎందుకొచ్చిందో నేనూ అడగలేదు, టంకం పెట్టినాయనా అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా మీ రేడియేటర్‌ను రిపేరుకు ఇవ్వకండి.

రోడ్డు మీద ఇలా జరిగితే వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఇంకో కిలోమీటరే కదా అనుకుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోతుంది, హెడ్ వంకరపోవచ్చు. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. 7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 7 పౌండ్ల) ఒత్తిడిని పట్టి ఉంచే మూత ఉన్న రేడియేటర్‌లో నీళ్లు మరగాలంటే సుమారు 111 డిగ్రీలు కావాలి. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా మరగని నీళ్లు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. పై హోస్ పైపును చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగండి. తర్వాత మందపాటి గుడ్డ వేసి మూతను మొదటి మెట్టు దాకా తిప్పి, ఆవిరి పోయాకే పూర్తిగా తీయండి. కాలిపోతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే బ్లాకు గానీ హెడ్ గానీ పగిలే ప్రమాదం ఉంది. కారును లాగించుకుని ఇంటికి తెచ్చుకోండి.

ఇంటికి తెచ్చాక ఆత్రపడి ఏ బోల్టూ విప్పకండి. టార్చి పట్టుకుని ముందు గుర్తులు చదవండి. ఫ్యాన్ బ్లేడ్ల కొసలు చూడండి. ఒక్క బ్లేడు కొస మాత్రమే పెయింటు పోయి మెరుస్తుంటే ఆ బ్లేడు వంగినట్టు. అన్ని బ్లేడ్లూ మెరుస్తుంటే ఇంజిన్ ముందుకొచ్చి ఉండాలి, లేదా రేడియేటర్ వెనక్కి జరిగి ఉండాలి. కోర్ (రేడియేటర్ మధ్యలోని ట్యూబుల భాగం) మీది గీత కూడా కథ చెబుతుంది. నా కారులో అది పూర్తి వృత్తం కాదు, కింది భాగంలో నెలవంకలా ఉంది. నాలుగు బ్లేడ్లూ మెరుస్తున్నాయి. అంటే ఇంజిన్ ముందుకు జరగడమే కాదు, ఒరిగింది కూడా.

ఇప్పుడు మౌంటింగులు, అంటే ఇంజిన్‌ను కారు ఫ్రేమ్ మీద మోసే రబ్బరు దిమ్మెలు. సంపు (ఇంజిన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి) కింద మందపాటి చెక్క పెట్టి జాకీతో ఇంజిన్‌ను కొంచెం, కొంచెమే లేపండి. మౌంటింగ్ బాగుంటే రబ్బరు సాగుతుంది. పోయినదైతే రబ్బరుకూ ఇనుప పలకకూ మధ్య నల్లటి చీలిక నోరు తెరుస్తుంది. నాది సరిగ్గా అలాగే తెరిచింది. ఏళ్ల తరబడి కారిన ఆయిలు తాగి రబ్బరు ఉబ్బి, వేలితో గిల్లితే ఊడి వచ్చేంత మెత్తగా అయిపోయింది. కారు నిలబడి ఉన్నంతసేపూ ఇంజిన్ బరువుకు అది అతుక్కుని బాగున్నట్టే కనిపిస్తుంది. బ్రేకు వేస్తే కారు ఆగుతుంది, ఇంజిన్ మాత్రం ముందుకు తూలుతుంది. మౌంటింగులు ఎప్పుడూ జతగానే మార్చండి. ఆయిలు ఎక్కడినుంచి కారుతోందో అది కూడా ఆపకపోతే కొత్త రబ్బరుకూ అదే గతి.

తర్వాత వాటర్ పంపు. బెల్టు తీసేసి, ఫ్యాన్‌ను పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. కటకటమని కొంచెం ఆడినా బేరింగు పోయినట్టే. పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దాని కింద తుప్పు చార కనిపిస్తే లోపలి సీలు కూడా పోయినట్టు. బేరింగు పట్టేసి షాఫ్టు తెగిందంటే ఫ్యాన్ నేరుగా కోర్‌లోకే దూసుకుపోతుంది కాబట్టి ఇక్కడ వాయిదా వేయకండి. ఫోర్డ్ మోడల్ టీ లాంటి చాలా పాత కార్లలో సాధారణంగా పంపు ఉండదు, వేడి నీరు పైకి, చల్లటి నీరు కిందికి దానంతటదే తిరుగుతుంది. వాటిలో ఫ్యాన్‌ను మోసే ఆర్మ్, అది తిరిగే బుష్ (లోహపు గొట్టం) చూడాలి. రేడియేటర్‌ను పట్టి ఉంచే బోల్టులు, పక్క రాడ్లు, అడుగు రబ్బర్లు కూడా ఒకసారి కదిపి చూడండి.

ఫ్యాన్ విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను, మీరూ ఉండండి. విప్పి, కిరోసిన్‌తో కడిగి, బ్లేడు మొదలు దగ్గర, రివెట్ల చుట్టూ భూతద్దంతో చూడండి. సన్నటి పగులు కంటికి కనిపించకపోతే పాత పద్ధతి ఒకటుంది. ఆ చోట కిరోసిన్ పూసి పది నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రుద్దండి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి వెంట్రుకంత గీత కనిపిస్తుంది. నా ఫ్యాన్‌లో రెండో రివెట్ నుంచి అంచు వైపు అలాంటి గీత కనిపించింది. పగిలిన ఫ్యాన్‌ను వెల్డింగ్ చేయించి వాడకండి, పారేయండి. తిరుగుతుండగా ఊడిన బ్లేడు బానెట్‌ను చీల్చుకుని వస్తుంది, మనిషికి తగిలితే ప్రాణం పోతుంది. బానెట్ తెరిచి ఇంజిన్ రేజ్ చేసేటప్పుడు ఫ్యాన్‌కు ఎదురుగా, పక్కగా, అంటే బ్లేడు ఊడితే పోయే దారిలో ఎవరూ నిలబడకూడదు.

పగులు లేకుండా కొస కాస్త వంగితే వేడి చేయకుండా సరిచేయొచ్చు. మడత పడితే వద్దు. సరిచేశాక ఫ్యాన్‌ను మందపాటి అద్దం పలక మీద పెట్టి అన్ని కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలవండి. కొన్ని ఫ్యాన్లలో బ్లేడ్ల మధ్య దూరం సమానంగా ఉండదు, హోరు తగ్గించడానికి కావాలనే అలా చేశారు, దాన్ని సరిచేయబోకండి. తిరిగి బిగించేటప్పుడు వెనకది ముందుకు పెడితే గాలి బాగా తగ్గిపోతుంది. విప్పేముందే ముందు వైపు సుద్దతో గుర్తు పెట్టుకోండి.

ఇంతా అయ్యాక రేడియేటర్. పాత కూలెంట్‌ను బకెట్లో పట్టి మూతపెట్టండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, పిల్లలు తాగుతారు, అది విషం. రేడియేటర్ దింపాక హోస్ నోళ్లకు రబ్బరు బిరడాలు బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, సైకిల్ పంపుతో మూత మీద రాసి ఉన్న ఒత్తిడి దాకా మాత్రమే గాలి ఎక్కించండి. ఎక్కువైతే పాత అతుకులు విచ్చుకుంటాయి. బుడగలు వచ్చిన ప్రతి చోటా తీగతో గుర్తు కట్టండి. ఫిన్లు (ట్యూబుల మధ్య ఉండే పల్చటి రేకులు) నలిగితే సన్నటి ప్లయర్‌తో ఓపిగ్గా ఒక్కొక్కటే నిలబెట్టొచ్చు, ఒక సాయంత్రం పడుతుంది.

టంకం పెట్టే చోట రాగి బంగారంలా మెరిసేదాకా గీకాలి. నూనె, పెయింటు, పాత టంకం చెత్త ఏమున్నా పట్టదు. సీసం తగరం కలిసిన టంకం 190 డిగ్రీలకు అటూ ఇటూ కరుగుతుంది, మంట పెడితే పక్క అతుకులు కూడా కరిగి జారిపోతాయి. అందుకే పెద్ద సోల్డరింగ్ ఐరన్ వాడి, పక్కన తడిగుడ్డలు చుట్టాలి. గాలి ఆడే చోట చేయండి, ఆ పొగ మంచిది కాదు. అలవాటు లేకపోతే చేయి తిరిగిన పనివాడికి ఇవ్వండి, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. నా రేడియేటర్‌లో మూడు ట్యూబులు బాగు చేయలేనంతగా తెగాయి, వాటిని రెండు చివరలా నొక్కి మూసేశాం. ఇంకా ఎక్కువ పోతే పాత ట్యాంకులు ఉంచుకుని కోర్ మాత్రం కొత్తది వేయించడం మేలు. ఎపాక్సీ ముద్ద పూయకండి. అది ఎక్కువ రోజులు నిలవదు, పైగా తర్వాత టంకం పట్టనివ్వదు. లీకు ఆపే పొడులు సన్నటి ట్యూబుల్ని, హీటర్‌ని పూడుస్తాయి.

బిగించేటప్పుడు కోర్‌కూ ఫ్యాన్‌కూ మధ్య గట్టి అట్టముక్క నిలబెట్టండి. స్పానర్ జారితే అట్టకే తగులుతుంది. మధ్య ఖాళీ ఒక అంగుళానికి తగ్గకుండా నేను చూసుకుంటాను. మీ కారు మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే అదే పాటించండి. బెల్టును పొడుగు వైపు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. మరీ బిగిస్తే కొత్త పంపు బేరింగునే తినేస్తుంది. కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. పాత ఇత్తడి రేడియేటర్లకు సిలికేట్ ఉన్న పాతరకం కూలెంటే వాడుతున్నాను, కొత్త ఆర్గానిక్ యాసిడ్ రకాలు సీసపు టంకాన్ని తినే అవకాశం ఉంది. ఓవర్‌ఫ్లో సీసా (పొంగిన కూలెంట్‌ను పట్టేది) లేని కారైతే రేడియేటర్ మూత బిగించే మెడకు ఒక అంగుళం కిందికే నింపండి. నిండా పోస్తే వేడెక్కి మిగిలింది బయటికి నెట్టేస్తుంది, దాన్ని చూసి లీకనుకుని కంగారు పడతారు.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టేయమని చాలామంది చెబుతారు. నా కారు డైనమో గరిష్ఠంగా 22 ఆంపియర్లు ఇస్తుంది, అదీ వేగంగా తిరిగినప్పుడే. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు, సరిగ్గా ఫ్యాన్ కావాల్సినప్పుడే, అది దాదాపు ఏమీ ఇవ్వదు. నేను పెట్టలేదు.

చివరగా రేడియేటర్ ఫ్రేమ్ కింది అంచున చిన్న స్పాంజి ముక్క అతికించాను, బ్లేడుకు 10 మిల్లీమీటర్ల దూరంలో. ఇంజిన్ కదిలితే అది ముందు తెగుతుంది. ఖాళీ రోడ్డు మీద ఐదుసార్లు గట్టిగా బ్రేకు వేసి, బానెట్ తెరిచి చూశాను. స్పాంజి అంచు కూడా నలగలేదు.