లోపలి చెవి, 4వ పాఠం: పొటాషియం లోపలికెందుకు వస్తుంది?

పోయినసారి గీయమన్న బొమ్మల్లో చాలామంది ఒకే తప్పు చేశారు, శబ్దాన్ని పసిగట్టే రోమకణం రోమాల దగ్గర పొటాషియం బయటికి పోతున్నట్టు బాణం పెట్టారు. కణాన్ని తాకే ద్రవాలు రెండు ఉంటాయని నేను ఒక్క వాక్యంలో చెప్పి దాటేశాను, అక్కడే వచ్చింది చిక్కు. కాబట్టి ఈరోజు శ్రవణ నాడి జోలికి పోకుండా ముందు ఈ ముడి విప్పుకుందాం.

కర్ణభేరి, మూడు ఎముకలు, కాక్లియాలో (లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి గొట్టం) లేచే అల మీకు వచ్చేసినట్టే. ఆ అల రోమకణం నెత్తిమీది రోమాలను పొడుగు వరస వైపు వంచింది, అక్కడ మొదలుపెడదాం. రోమాలు మెట్లలా నిలబడి ఉంటాయి, పొట్టిదాని కొసను పక్కనున్న పొడుగుదానికి కలుపుతూ ఒక సన్నని పోగు ఉంటుంది. వంగగానే పోగు బిగుసుకుని, పొటాషియం దూరే ద్వారాన్ని లాగి తెరుస్తుంది. మధ్యలో రసాయన కబురేదీ లేదు, అందుకే కంటి కణాల కంటే ఇది ఎంతో వేగంగా స్పందిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. మామూలు నాడీకణంలో పొటాషియం లోపల ఎక్కువ, బయట తక్కువ, ద్వారం తెరిస్తే బయటికే పోతుంది. ఈ సూత్రం బట్టీపట్టినవాళ్లే ఇక్కడ పడిపోతారు. రోమాలు మునిగి ఉండేది ఎండోలింఫ్ అనే ద్రవంలో, అందులో పొటాషియం కణం లోపల ఉన్నంత ఉంటుంది, అంటే గాఢత ఎటూ తోయదు. తోసేదంతా వోల్టేజే. ఎండోలింఫ్ సుమారు ప్లస్ 80 మిల్లీవోల్టులు, కణం లోపల సుమారు మైనస్ 60, మొత్తం తేడా 140. ధనావేశమున్న పొటాషియం లోపలికి ఉరక్క ఏం చేస్తుంది?

కణం అడుగు మాత్రం రెండో ద్రవం పెరిలింఫ్‌లో ఉంది. అక్కడ పొటాషియం బాగా తక్కువ, అందుకే వోల్టేజి లోపలికి లాగుతున్నా గాఢతదే పైచేయి అయి, పైనుంచి వచ్చిన పొటాషియం కిందినుంచి జారిపోతుంది. ఈ రాకపోకలకు కావలసిన శక్తిని రోమకణం కాదు, కాక్లియా గోడలోని స్ట్రయా వాస్క్యులారిస్ ఖర్చుపెడుతుంది. చెవి గురించి నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే. నేనైతే కణం పైభాగం ఎర్ర ఇంకుతో, కిందిభాగం నీలం ఇంకుతో గీస్తాను, ఇక బాణం తప్పు పడదు.

మిగిలింది తేలిక: వోల్టేజి మారగానే అడుగున కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, కబురు మోసే రసాయనం గ్లూటమేట్ విడుదలవుతుంది, నాడి అందుకుంటుంది.

అభ్యాసం: ఏమీ చూడకుండా కణం గీసి, ప్రతి బాణం పక్కనా తోస్తున్నది గాఢతో వోల్టేజో రాయండి. తర్వాత, ఫ్యూరోసెమైడ్ మందు ఎక్కువై ఆ ప్లస్ 80 కాస్తా సున్నాకి దిగిందనుకోండి; రోమాలు చెక్కుచెదరకపోయినా వినికిడి ఎందుకు తగ్గుతుందో లెక్కతో సహా చెప్పండి. చివరగా, నిశ్శబ్దంలోనూ కొన్ని ద్వారాలు తెరిచే ఉంటాయి, మరి రోమాలు పొట్టి వరస వైపు వంగితే గ్లూటమేట్ ఏమవుతుంది?