బూసాన్‌లో ఎండ చూసి సముద్రంలో దిగకండి

మొన్న సియోల్‌లో చదువుకుంటున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. శని ఆదివారాలకి నలుగురు కలిసి దక్షిణ కొరియా తీరంలోని రేవు పట్టణం బూసాన్ వెళ్తున్నారట. "తుఫాను ఎక్కడో జపాన్ కింద ఉందన్నా, ఇక్కడ ఎండ దంచేస్తోంది. హేఉండే బీచ్‌లో ఈత కొట్టొచ్చు కదా?" అన్నాడు. బీచ్‌కి వెళ్ళు, ఇసుకలో కూర్చో, నీళ్ళల్లో మాత్రం దిగకు అన్నాను. వాడికి నచ్చలేదు. వాడితో పాటు ఇంకొందరికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

బూసాన్‌లో వేసవి అంటే మూడు ముక్కలు. జూన్ చివరి నుంచి జూలై చివరి దాకా జంగ్మా, అంటే వాళ్ళ ముసురు. తర్వాత ఆగస్టు ఉక్కపోత. ఈ రెండింటి మీదుగా జూలై నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా తుఫాన్ల భయం. సెప్టెంబర్ వచ్చేసింది, ఇంకేం తుఫాన్లు అనుకోవద్దు. 2003లో మేమి అనే తుఫాను వచ్చింది సెప్టెంబర్ 12న, సరిగ్గా చుసోక్ పండగ సెలవుల్లో. బూసాన్ రేవులో కంటైనర్లు ఎత్తే క్రేన్లే కూలిపోయాయి. 2016లో చాబా తుఫాను అయితే అక్టోబర్ 5న వచ్చింది. హేఉండే పక్కన అద్దాల మేడలుండే మెరైన్ సిటీలో అలలు గోడ దాటి రోడ్డు మీదికి వచ్చేశాయి.

తుఫాను వచ్చిన రోజు ఎవరూ బయటికి వెళ్ళరు కాబట్టి దాని గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. నా భయమంతా దాని ముందు రోజు గురించే. ఎక్కడో వందల కిలోమీటర్ల దూరాన గాలి లేపిన అలలు తుఫానుకంటే ముందే ఒడ్డుకి చేరిపోతాయి. పైన ఆకాశం నీలంగా, గాలి హాయిగా ఉంటుంది. అల మాత్రం బరువుగా, ఆగి ఆగి వస్తుంది. అయిదారు చిన్న అలలు చూసి ధైర్యం తెచ్చుకుంటాం, ఏడోది వచ్చి కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది. తుఫాను దాటిపోయిన మర్నాడు కూడా అంతే.

హేఉండేకి ఇంకో పేచీ కూడా ఉంది. ఒడ్డుకి కొట్టిన నీళ్ళు ఒకచోట సన్నని పాయలా చేరి లోపలికి పరిగెత్తుతాయి. ఇంగ్లీషులో రిప్ కరెంట్, కొరియన్‌లో ఇఅన్యు. గుర్తుపట్టడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళకండి, మెట్ల మీద నిలబడి పైనుంచి చూడండి. అటూ ఇటూ తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. చూడ్డానికి అదే ప్రశాంతంగా ఉంటుంది, పిల్లల్ని తీసుకుని అక్కడే దిగుతారు! అందులో పడితే ఒడ్డువైపు ఈదకండి, అలసిపోతారు. వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తండి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరిగే చోటు నుంచి వెనక్కి రండి. ట్యూబు ఉందని ధీమా వద్దు, ట్యూబునీ అది అంతే సులువుగా తీసుకుపోతుంది. లైఫ్‌గార్డు ఈల వేస్తే ఎందుకని అడగకుండా బయటికి వచ్చేయండి. వాళ్ళు లేని వేళల్లో, తాళ్ళు కట్టిన హద్దు అవతల, మందు తాగాక అసలు వద్దు.

విశాఖ వాళ్ళకి ఒక మాట. ఆర్కే బీచ్‌లో పెరిగాం, మాకు సముద్రం కొత్తా అంటారు. ఆ బీచ్ ఎంతమందిని లాగేసుకుందో మీకే బాగా తెలుసు. పైగా జీన్స్‌తోనో చుడీదార్‌తోనో దిగే అలవాటు మనది. తడిసిన జీన్స్‌తో మోకాలి లోతులో పడితే లేవడమే కష్టం.

జూలై, ఆగస్టుల్లో జెల్లీఫిష్‌లు కూడా వస్తాయి. కుడితే మంచినీళ్ళతో కడగకండి, సముద్రపు నీళ్ళతోనే కడిగి లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్ళండి. రుద్దకూడదు.

ఇక నేను చేతులు జోడించి చెప్పే మాట టెట్రాపాడ్ల గురించి. అలల్ని ఆపడానికి ఒడ్డున పేర్చిన నాలుగు కాళ్ళ సిమెంటు దిమ్మలు. మెరైన్ సిటీ ముందు, చోంగ్సాపో రేవు దగ్గర చూస్తారు. ఫోటోకి భలే ఉంటాయి. దగ్గరగా చూడండి: కింది సగం పచ్చగా నాచు పట్టి ఉంటుంది, దిమ్మకీ దిమ్మకీ మధ్య మనిషి దూరేంత సందు, ఆ సందులో చీకటి, లోపల నీళ్ళ చప్పుడు. జారి అందులో పడితే పట్టుకోవడానికి అంచు దొరకదు, అరిస్తే అలల హోరులో పైకి వినపడదు. చేపలు పట్టే స్థానికులే పడి చనిపోయారు. చాలాచోట్ల ఎక్కడం నిషేధం కూడా.

ఇగిదే అనే కొండ అంచున ఒర్యుక్‌డో దీవుల ఎదుటి దాకా ఉండే నడక దారి నాకు బూసాన్‌లో అన్నిటికంటే ఇష్టం. దాదాపు 5 కిలోమీటర్లు, ఒకపక్క కొండ, ఇంకోపక్క సముద్రం. వాన పడిన మర్నాడు చెక్క మెట్లు సబ్బు రాసినట్టు ఉంటాయి. క్రాక్స్‌తో వెళ్ళకండి. దారిలో అక్షరాలు, అంకెలు ఉన్న పసుపు పలక కనిపిస్తే ఫోటో తీసి పెట్టుకోండి. అది ఆ చోటి గుర్తింపు సంఖ్య, అత్యవసర నంబరు 119కి అది చెబితే సరిగ్గా అక్కడికే వస్తారు. సముద్రంలో ప్రమాదమైనా 119కే చేయాలి. ఇంగ్లీషులో మామూలు సందేహాలకి 1330 అనే పర్యాటకుల హెల్ప్‌లైన్ ఉంది, రాత్రైనా ఎత్తుతారు.

ఒర్యుక్‌డో అద్దాల వంతెన, సోంగ్‌డో కేబుల్ కారు గాలి ఎక్కువైతే ఆపేస్తారు. బయల్దేరే ముందే చూసుకోండి. హేడోంగ్ యోంగ్‌గుంగ్‌సా గుడి సముద్రం అంచునే ఉంది. అల ఎగసే రోజు కింది రాళ్ళ మీదికి దిగకుండా పైనుంచే దణ్ణం పెట్టుకోండి.

ఊళ్ళో అండర్‌పాస్‌లు మరిచిపోకండి. 2020 జూలై 23 రాత్రి కుండపోత వానకి చోర్యాంగ్‌లో ఒక అండర్‌పాస్ నిండిపోయి కార్లలో ఉన్న ముగ్గురు చనిపోయారు. టాక్సీ డ్రైవర్ చుట్టు తిప్పుతున్నాడని గొణగకండి, తిప్పనివ్వండి.

ఫోన్ ఒక్కసారిగా సైరన్‌లా మోగితే అది ప్రభుత్వ హెచ్చరిక. కొరియన్‌లో వస్తుంది, పపాగో అనే అనువాద యాప్‌లో పెడితే అర్థమవుతుంది. జూఇబో అంటే జాగ్రత్తపడమని, క్యంగ్‌బో అంటే లోపలే ఉండమని. క్యంగ్‌బో వచ్చాక రైళ్ళూ విమానాలూ ఆగొచ్చు కాబట్టి తిరుగు టికెట్ మార్చుకునే వీలున్నదే కొనండి, ఒక రాత్రికి సరిపడా బస ఖర్చు పక్కన పెట్టుకోండి.

ఆ తమ్ముడు చివరికి వెళ్ళాడు. హేఉండేలో ఎర్ర జెండా, తాడు కట్టి ఉందని ఫోటో పంపాడు, ఫోటోలో ఆకాశం మాత్రం నీలంగా మెరిసిపోతోంది. మెట్రో నుంచి నేరుగా సెంటమ్ సిటీ షిన్‌సెగే మాల్‌లోకి వెళ్ళి, అక్కడి స్పాలో వేడినీళ్ళల్లో నాలుగు గంటలు కూర్చున్నారట.