కరెంటు పోయినప్పుడు లోపం ఎక్కడుందో గుర్తించే విధానం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటలతో పాటు విద్యుత్ స్తంభాలు కూడా వరుసగా నేలకూలాయి. కరెంటు ఎప్పుడొస్తుందని చాలా ఊళ్లు రోజుల తరబడి ఎదురుచూశాయి. మన ఊరికి కరెంటు ఏ దారిన వస్తోందో తెలిసినవారు ఆ ప్రశ్నను సూటిగా అడగగలరు: పోయింది ట్రాన్స్‌ఫార్మరా, ఫీడరా (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు వచ్చే లైను), లేక సబ్‌స్టేషనా?

ముందుగా ఆ దారి సంగతి. విద్యుత్ కేంద్రాల నుంచి 400, 220, 132 కిలోవోల్టుల లైన్ల మీద ప్రసార సంస్థ ట్రాన్స్‌కో తీసుకొచ్చిన కరెంటును పెద్ద సబ్‌స్టేషన్లు 33 కిలోవోల్టులకు తగ్గిస్తాయి. అక్కడి నుంచి మన ప్రాంతపు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ దానిని మండలాల్లోని చిన్న సబ్‌స్టేషన్లకు చేర్చి, 11 కిలోవోల్టులకు దించి, ఫీడర్ల ద్వారా ఊళ్లకు పంపుతుంది. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాటాక ఇంటికి అందేది 230 వోల్టులు. అంతే విద్యుత్తును 33కు బదులు 11 కిలోవోల్టుల మీద పంపితే తీగలో కరెంటు మూడింతలు, వేడి రూపంలో నష్టం తొమ్మిదింతలు అవుతుంది. సబ్‌స్టేషన్ ఊళ్లకు దగ్గరగా ఉండాలనడానికి కారణం ఇదే. ఫీడరు చివరనున్న ఊళ్లలో సాయంత్రం వేళ దీపాలు మందగించడం, మోటార్లు తిరగలేక మూలగడం ఆ దూరం ఫలితమే.

ఏ లైను ఏదో తెలుసుకోవడానికి, తీగ మలుపు తిరిగే స్తంభం దగ్గర దూరంగా నిలబడి పింగాణీ డిస్కులను లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే సాధారణంగా 11 కిలోవోల్టులు, మూడు వరుసగా ఉంటే 33. పెద్ద టవరు మీద తొమ్మిదో పదో వేలాడుతుంటే 132. 11 కిలోవోల్టుల తీగను అనుసరిస్తూ దారి వెంట నడిచి వెళితే మీ సబ్‌స్టేషన్ కనబడుతుంది. ఫీడరు పేరును లైన్‌మన్‌నో, గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంటునో అడిగి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరుతో కలిపి గోడ మీద రాసిపెట్టుకోండి.

కరెంటు పోగానే ఇంటి మెయిన్ చూసుకుని, తరువాత వీధిలోకి రండి. మీ ఒక్క ఇంటికే లేకపోతే లోపం మీ సర్వీసు వైరులో ఉండవచ్చు. కొన్ని ఇళ్లలో దీపాలు మామూలుగా వెలుగుతూ మిగతా ఇళ్లలో మిణుకుమంటుంటే ట్రాన్స్‌ఫార్మర్ పైవైపు, అంటే 11 కిలోవోల్టుల వైపు, ఉండే హెచ్‌జీ (హార్న్ గ్యాప్) ఫ్యూజు ఒకటి పోయి ఉండవచ్చు. అప్పుడు ఫ్రిజ్‌లు, మోటార్లు వెంటనే ఆపేయాలి, లేకుంటే కాలిపోతాయి. ఊరంతా పోయి, అదే ఫీడరు మీది పక్క ఊరూ చీకటైతే ఫీడరు ట్రిప్పయిందని (లోపం వల్ల దానంతటదే ఆగిందని), మండలమంతా పోతే 33 కిలోవోల్టుల లైనో సబ్‌స్టేషనో ఆగిందని భావించవచ్చు. పొలాలకు వేరే ఫీడరు ఉన్నచోట అక్కడ కరెంటు లేకపోవడం లోపం కాకపోవచ్చు, అది సరఫరా వేళ కాకపోయి ఉండవచ్చు. ఈ వివరాలతో, ఫీడరు పేరు చెప్పి, 1912కు ఫోన్ చేస్తే సిబ్బంది సరైన చోటికే నేరుగా వస్తారు.

తీగ తెగి పడినప్పుడు మాత్రం పైన చెప్పిన పరిశీలన అంతా పక్కన పెట్టండి. తెగిన తీగలో కరెంటు లేదని ఎన్నడూ అనుకోకూడదు. ట్రిప్పయిన ఫీడరును సబ్‌స్టేషన్‌లోని ఆపరేటరు మళ్లీ చార్జ్ చేసి, అంటే కరెంటు ఇచ్చి, చూస్తాడు. పొడి నేల మీద పడిన తీగకైతే, లైనును ఆపాల్సిన సబ్‌స్టేషన్ బ్రేకరు అసలు ట్రిప్పే కాకపోవచ్చు. చుట్టుపక్కల నేలలోనూ విద్యుత్తు పాకుతుంది గనుక మనుషులను, పశువులను దూరంగా ఉంచి, మొట్టమొదట సబ్‌స్టేషన్‌కు తెలియజేయండి. అక్కడి ఆపరేటరు ఫీడరు ఆపి లైన్ క్లియర్ (ఎల్‌సీ, అంటే లైను ఆపాం, పని చేయవచ్చన్న అనుమతి) ఇచ్చాకే లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. అతను దిగి ఆ ఎల్‌సీ తిరిగి ఇచ్చేదాకా కరెంటు వెయ్యమని ఎవరూ ఒత్తిడి తేకూడదు.

తుపాను తరువాత ఇంటికీ, జీడిపప్పు మిల్లుకూ జనరేటరు పెట్టేవారికి లైన్‌మన్ భద్రత గురించిన ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. చేంజోవర్ స్విచ్ (లైను, జనరేటరు రెండింటిలో ఒకదాన్నే ఇంటికి కలిపే స్విచ్) లేకుండా జనరేటరును ఇంటి వైరింగుకు కలిపితే ఆ కరెంటు వెనక్కి పారి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ గుండా 11,000 వోల్టులుగా మారి, ఎల్‌సీ తీసుకుని పని చేస్తున్న లైన్‌మన్ చేతిలోని తీగలోకి వెళుతుంది.