పాత సైనిక గుండీలు – మూడో పాఠం: బోర్లించి చదవడం

ముందు గత పాఠం లెక్క చూద్దాం. 15.2 మిల్లీమీటర్ల గుండీ ఎన్ని లైన్లు అని అడిగాం. లైను అంటే గుండీ వెడల్పు కొలిచే ప్రమాణం. అంగుళానికి 40 లైన్లు, అంటే లైనుకు 0.635 మిల్లీమీటర్లు. భాగిస్తే 24 లైన్లకు దగ్గరగా వస్తుంది. ముంజేతి పట్టీకో, టోపీ పక్కనో కుట్టే చిన్న సైజు ఇది. 22 వచ్చినవాళ్లు బయటి అంచును వదిలి, లోపలి గట్టు నుంచి కొలిచి ఉంటారు. కొలిచే పరికరం వెర్నియర్ కాలిపర్ దవడలు రెండూ గుండీ బయటి అంచుకే తాకాలి.

ఈ పాఠంలో గుండీని బోర్లిద్దాం. ముఖం మీద అంకె, కిరీటం, దళం చిహ్నం ఉంటాయి కాబట్టి అందరి కన్నూ అటే పోతుంది. కానీ ఒకే చిహ్నంతో దశాబ్దాల తరబడి గుండీలు కొట్టించుకున్న దళాలు చాలా ఉన్నాయి. ఆ దశాబ్దాల్లో గుండీ చేసే పద్ధతి, వాడిన లోహం, కంపెనీ పేరు రాసే తీరు మారుతూ వచ్చాయి. గుండీ ఎవరిదో ముఖం చెబుతుంది. ఎప్పటిదో చాలాసార్లు వీపే చెబుతుంది. ఇక్కడ చెప్పే సంవత్సరాలు బ్రిటిష్ రాజు సైన్యానికి సంబంధించినవి. ఈస్టిండియా కంపెనీ దొరల మద్రాసు సైన్యానికి వీటిని కళ్లు మూసుకుని అంటగట్టకండి. అది వేరే సైన్యం, దాని ఉత్తర్వులు వేరు.

తోమకండి

ఇత్తడి కనిపిస్తే మన చేతులు చింతపండు కోసం వెతుకుతాయి. బిందెకు మంచిదే, గుండీకి చేటు. ఎందుకో లెక్కతో చూడండి. 1796లో బ్రిటిష్ పార్లమెంటు గుండీల గిల్టు, అంటే బంగారు పూత మీద ఒక చట్టం చేసింది. అంగుళం వెడల్పున్న 144 గుండీలకు కనీసం 5 గ్రెయిన్ల బంగారం పడితేనే వాటిని గిల్టు అని అమ్మాలి. 5 గ్రెయిన్లంటే 0.324 గ్రాములు. ఒక్కో గుండీకి వచ్చేది రెండున్నర మిల్లీగ్రాముల లోపే. నేలలో నూరేళ్లున్న గుండీ మీద ఆ పూత కింద రాగి పచ్చగా చిలుమెక్కి ఉంటుంది. చింతపండు పులుపు బంగారాన్ని ఏమీ చేయదు, దాని కింది చిలుమును కరిగిస్తుంది. ఆధారం పోయిన పూత పొరలుగా లేచిపోతుంది. ఇటుకపొడి, ముగ్గుపిండి, ఇత్తడి తోమే పొడులైతే పూతను నేరుగా గీకేస్తాయి. గిల్టు ఉందా లేదా అన్నది ఆఫీసరు గుండీకీ సిపాయి గుండీకీ తేడా చెప్పే సాక్ష్యం. తోమితే ఆ సాక్ష్యం పోయినట్టే.

డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన దూది, వెదురు పళ్లపుల్ల, మెత్తటి బ్రష్షు, ఇవి చాలు. అక్షరాలు కనిపించేంత వరకే మట్టి తీయండి. లోపల బోలుగా ఉండే రెండు ముక్కల గుండీని నీళ్లలో నానబెట్టొద్దు. అంచు సందులోంచి నీరు లోపలికి దిగితే బయటికి రాదు. తగరం మిశ్రమమైన ప్యూటర్‌తో చేసిన గుండీలో సీసం ఉండొచ్చు, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

వీపు రకాలు

గుండీ వెనక దారం పోనిచ్చే చెవి లాంటి వలయాన్ని ఈ పాఠాల్లో కాడ అంటున్నాం. కాడ ఎలా అతికిందో చూస్తే సగం పని అయిపోతుంది.

మొదటి రకం పోత ప్యూటర్. తగరం ఎక్కువగా ఉండే మెత్తటి మిశ్రమం, బూడిద రంగు, మొత్తం ఒకే ముక్క. మామూలు సైనికుల గుండీలు 1855 దాకా ఇవే. ఆ ఏడాది కొత్త ట్యూనిక్ కోటు వచ్చినప్పుడు వాటి స్థానంలో ఇత్తడి వచ్చింది. పాత ప్యూటర్ గుండీల్లో, ముఖ్యంగా 18వ శతాబ్దపు వాటిలో, కాడ ఇనుప తీగ. దాన్ని అచ్చులో నిలబెట్టి చుట్టూ లోహం పోసేవాళ్లు. నేలలో ఆ ఇనుము తుప్పుపట్టి రాలిపోతుంది. అప్పుడు వీపు మధ్యలో చిన్న గుబ్బ, దాని మీద ఎర్రమట్టి రంగులో రెండు చుక్కలు మాత్రం మిగులుతాయి. వీటిని రెండు రంధ్రాల చొక్కా గుండీ అని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. పది రెట్ల భూతద్దంతో చూడండి. చుక్కలు ముఖం దాకా పోవు, లోపల తుప్పు గట్టిగా ఉంటుంది. ఇంకా ఇనుము మిగిలి ఉంటే చిన్న అయస్కాంతానికి గుండీ కాస్త కదులుతుంది. టార్చిని వీపుకు పక్కనుంచి, దాదాపు ఆనించి వేస్తే అచ్చు రెండు సగాలు కలిసిన గీత గుబ్బను చీల్చుకుంటూ పోతున్నట్టు కనిపించవచ్చు. గోటితో గీరి లోహం పరీక్షించకండి, గీత ఉండిపోతుంది.

రెండో రకం ఎముక వీపు. 18వ శతాబ్దం రెండో సగంలో ఆఫీసర్లవి. ఎముకతోనో చెక్కతోనో చేసిన బిళ్ల మీద పలుచటి వెండి లేదా గిల్టు రేకు అచ్చుగుద్ది, అంచులు వెనక్కి మడిచేవాళ్లు. బిళ్లకు నాలుగు రంధ్రాలు, వాటిలోంచి జంతువుల పేగు నరంతో చేసిన దారం, అదే కాడ. నేలలో దొరికితే రేకు ఒక్కటే మిగులుతుంది, మిఠాయి మీది వెండిరేకులా నలిగిపోయి. దాన్ని సాపు చేయబోతే చీలుతుంది. అంచు లోపలికి మడిచి ఉందా అన్నది చూసి అలాగే పత్తిలో పెట్టేయండి.

మూడోది, బల్లపరుపు బిళ్లకు తీగ కాడను టంకం పెట్టి అతికించినది. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో విరివిగా వాడారు. కాడ ఊడిపోయినా టంకం మచ్చ ఉంటుంది.

నాలుగోది రెండు ముక్కల గుండీ. మీకు ఎక్కువగా దొరికేది ఇదే. బర్మింగ్‌హామ్‌కు చెందిన బెంజమిన్ సాండర్స్ 1813లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఉబ్బెత్తు ముఖం ఒక రేకు, వీపు ఇంకో రేకు. ముఖం అంచును వీపు మీదకు మడిచి నొక్కేస్తారు. బోర్లించి చూస్తే అంచు లోపల సన్నటి మడత గీత గుండ్రంగా చుట్టూ ఉంటుంది, మన కజ్జికాయ అంచు నొక్కినట్టు. ఆ గీత కనిపించిందంటే 1813కి ముందుది కాదని రాసేసుకోవచ్చు. ఇంతవరకే. గీత లేదు కాబట్టి 1813కి ముందుదే అని మాత్రం రాయకండి. సిపాయిల ప్యూటర్ ఆ తర్వాత 42 ఏళ్లు నడిచింది.

ఇక చేతిలో బాగా తేలిగ్గా ఉండి, తోమకుండానే మెరుస్తుంటే అది ఆనొడైజ్డ్ అల్యూమినియం. 1950ల నుంచి వచ్చింది.

వీపు మీది అక్షరాలు

అక్షరాలు చదవడానికి గుండీని తిప్పకండి, వెలుగును తిప్పండి. గది చీకటి చేసి, టార్చి వెలుగు బల్లకు సమాంతరంగా వచ్చేలా పెట్టి, గడియారం ముల్లులా చుట్టూ జరపండి. పన్నెండు గంటల దగ్గర కనిపించని అక్షరం మూడు దగ్గర కనిపిస్తుంది. కనిపించినంత వరకే రాయండి; చెరిగిపోయిన అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి నింపకండి.

పేరు ఒక్కటే చూసి కాలం చెప్పడం ఈ విద్యలో అందరూ చేసే తప్పు. లండన్ ఫర్మిన్ సంస్థ తన మూలం 17వ శతాబ్దంలో ఉందని చెప్పుకుంటుంది. కాబట్టి ఫర్మిన్ అన్న ఒక్క మాట మీకు కాలం గురించి దాదాపు ఏమీ చెప్పదు. పేరు పక్కనున్నవే పనికొస్తాయి: చిరునామా, భాగస్వాముల పేర్లు, కంపెనీ రూపం. చివర లిమిటెడ్ అని ఉంటే అది 1855కి ముందుది కాదు. పరిమిత బాధ్యత చట్టం వచ్చిందే ఆ ఏడాది. బటన్స్ లిమిటెడ్, బర్మింగ్‌హామ్ అని ఉంటే 1907 లేదా తర్వాత. పలు పాత గుండీల కంపెనీలు కలిసి అప్పుడే ఆ సంస్థ పుట్టింది. గిల్ట్, డబుల్ గిల్ట్, ట్రెబుల్ గిల్ట్, స్టాండర్డ్ కలర్ లాంటి మాటలు 1796 చట్టం తర్వాతి దశాబ్దాల్లో ఎక్కువ. అవి అమ్మకం మాటలు, కాబట్టి వాటితో సంవత్సరం బిగించొద్దు.

నకళ్లను పట్టించేది కూడా వీపే. అసలు గుండీని అచ్చుగా పెట్టి ఇత్తడి పోత పోస్తే, చల్లారేటప్పుడు లోహం ఒకటిన్నర శాతం దాకా కుంచించుకుపోతుంది. 25.4 మిల్లీమీటర్లు ఉండాల్సింది 25కు దిగుతుంది. అక్షరాల అంచులు సబ్బు మీద రాసినట్టు మొద్దుబారి ఉంటాయి, సందుల్లో సూదిమొన రంధ్రాలు కనిపిస్తాయి. మడత గీత ఉండాల్సిన చోట గీత బొమ్మ మాత్రమే ఉంటుంది, మడత ఉండదు. కొలత, అక్షరం, మడత మూడూ తేడాగా ఉంటే డబ్బు పెట్టకండి.

కిరీటం: వీపుకు సాక్షి

ముఖం వైపు ఒక్కసారి తిప్పి కిరీటం చూసుకోండి. విక్టోరియా కాలపు కిరీటం కమానులు భుజాల దగ్గర బల్లపరుపుగా ఉండి, మధ్యలో కొద్దిగా కుంగుతాయి. 1901 తర్వాత రాజుల కాలంలో వాడిన ట్యూడర్ కిరీటం కమానులు గుమ్మటంలా గుండ్రంగా పైకి లేస్తాయి. 1953 నుంచి రాణి ఎలిజబెత్ కాలపు సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం మధ్యలో స్పష్టంగా కుంగుతుంది. మొదటిదీ మూడోదీ చిన్న గుండీ మీద ఒకేలా కనబడతాయి. అప్పుడు వీపు చూడండి: అల్యూమినియం అయితే విక్టోరియాది అయ్యే ప్రశ్నే లేదు.

భారత సైన్యం గుండీలకు ఇంకో సుళువు ఉంది. 1950 జనవరి 26న మనం గణతంత్రం అయ్యాక కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి. సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం వచ్చింది దాని తర్వాత. కాబట్టి ఆ కిరీటం ఉన్న గుండీ సికింద్రాబాద్ పాత సామాన్ల దుకాణంలో దొరికినా అది భారత దళానిది కాదు, బ్రిటన్‌దో, ఆ రాణి కిందే ఉన్న మరో దేశానిదో.

అన్నీ కలిపి: 102 అంకె

ముఖం మీద 102 ఉన్న గుండీ చేతికి వచ్చిందనుకోండి. మద్రాసు చరిత్ర తెలిసినవాళ్లకు వెంటనే తట్టేది మద్రాసు ఫ్యూజిలియర్లు. కంపెనీ వారి ఐరోపా దళం అది. రాజు సైన్యంలో కలిశాక, 1862లో దానికి 102 అంకె వచ్చింది. 1881 జులై 1న పదాతి దళాల అంకెలు తీసేసి ప్రాంతాల పేర్లు పెట్టినప్పుడు రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అయింది. కాబట్టి 1862–1881 అని రాసేద్దామా?

ఆగండి. వీపు చూడండి.

ప్యూటర్ అయి, పోత పోసిన ఒకే ముక్క అయితే మద్రాసు కథ అక్కడితో ఆగిపోతుంది. 1862లో మామూలు సైనికులకు ప్యూటర్ లేదు, అది పోయి ఏడేళ్లయింది. 102 అంకె అంతకుముందు వేరేవాళ్లది. ఆస్ట్రేలియాలో కాపలా ఉన్న న్యూ సౌత్ వేల్స్ కోర్ అనే దళానికి 1809లో ఆ అంకె ఇచ్చారు, 1816లో 100గా మార్చారు. 18వ శతాబ్దంలోనూ కొద్దికాలమే ఉన్న దళాలు ఆ అంకె పెట్టుకున్నాయి. అయితే గుండీ మీద దళం అంకె ఉండాలన్న ఉత్తర్వు 1767ది కాబట్టి వెనక్కి అంతకంటే పోలేం.

ఇత్తడి, రెండు ముక్కలు, గిల్టు ఆనవాలే లేదు అయితే మామూలు సైనికుడిది. 1871లో వాళ్ల అంకె గుండీలు తీసేసి, రాజచిహ్నంతో అందరికీ ఒకే గుండీ ఇచ్చారు. కాబట్టి 1862–1871, తొమ్మిదేళ్లు. మడత సందుల్లో గిల్టు మెరుపు ఉంటే ఆఫీసరుది. వాళ్లు అంకెను 1881 దాకా ఉంచుకున్నారు, పంతొమ్మిదేళ్లు. దూదితో తుడిచినవాడికి ఈ తేడా దక్కుతుంది. చింతపండు పెట్టినవాడు రెండు లెక్కల మధ్య ఉండిపోతాడు.

వెండి పూత ఉంటే ఇంకో పరీక్ష. 1830లో నాలుగో విలియం రాజు రెగ్యులర్ దళాల ఆఫీసర్లకు బంగారు సరిగ, మిలీషియా అనే స్థానిక సహాయక సేనకు వెండి అని విడదీశాడు, గుండీలూ అదే దారి పట్టాయి. వెండి 102 మద్రాసు ఫ్యూజిలియర్లది అవడం కష్టం.

నోటు పుస్తకంలో ప్రతి సాక్ష్యానికీ ఒక వరుస పెట్టి, ఎడమవైపు "దీనికి ముందు కాదు", కుడివైపు "దీని తర్వాత కాదు" అని సంవత్సరాలు రాయండి. ఎడమ గడిలో అన్నిటికంటే పెద్ద సంవత్సరం, కుడి గడిలో అన్నిటికంటే చిన్నది తీసుకోండి. ఎడమది కుడిదానికంటే పెద్దదైతే ఎక్కడో తప్పు చదివారు, లేదా చేతిలో ఉన్నది నకలు. "సుమారు 1870" అని ఒక్క సంవత్సరం రాయడం కంటే "1862–1871" అని రాయడం నిజాయతీ. తర్వాత చూసేవాళ్లకు మీరు ఎలా తేల్చారో తెలుస్తుంది.

అభ్యాసం

ముఖం మీద 83 అంకె, పైన కిరీటం. రెండు ముక్కల ఇత్తడి. రెండు దళాలు పోటీలో ఉన్నాయి: 1881 దాకా ఉన్న బ్రిటిష్ 83వ పదాతి దళం, మద్రాసు 23వ దళంగా ఉండి 1903లో కొత్త అంకె పొందిన 83వ వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫాంట్రీ, ఇది 1922 దాకా. గుమ్మటం లాంటి కమానులు కనిపిస్తే ఎవరిది? కమానులు భుజాల దగ్గర బల్లపరుపుగా ఉంటే ఎవరిది? కిరీటం చెరిగిపోయి, వీపు మీద లిమిటెడ్ అన్న మాట మాత్రమే మిగిలితే ఏ గడిలో ఏమి రాస్తారు?

నాలుగో పాఠంలో బొల్లారం హైదరాబాద్ కంటింజెంట్ దళాలు 1903లో, 1922లో, 1945లో పేర్లు మార్చుకున్న తీరు, ఆ మార్పులు గుండీల మీద ఎక్కడ వెతకాలో చూద్దాం. దానికి మీ 83 పట్టిక దగ్గర ఉంచుకోండి.